7 కిలోల సంచి, 32 కిలోమీటర్ల కొండ, మా నాన్న

మా నాన్న పోయినేడాది మా అందరికీ ఓ అబద్ధం చెప్పాడు. ఆయన ఫోన్‌లో స్టోరేజీ నిండిపోయిందంటే ఫొటోలు డిలీట్ చేస్తూ కూర్చున్నప్పుడు అది నా కంటపడింది.

2024 జులై 20, శనివారం. ఆషాఢ శుద్ధ చతుర్దశి. సింహాచలం గిరి ప్రదక్షిణ. మధ్యాహ్నం రెండింటికల్లా భుజానికి సంచి తగిలించుకుని బయల్దేరినాయన మర్నాడు తెల్లారాక కూర్మన్నపాలెంలో మా ఇంటికొచ్చాడు. పాదాలు బూరెల్లా పొంగిపోయి ఉన్నాయి. "32 కిలోమీటర్లూ తిరిగీసేనురా" అన్నాడు. అమ్మ వేడినీళ్లు కాచి బకెట్‌లో పోసింది. నేను ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టాను. మావయ్యలు, పిన్నులు దండాల ఎమోజీలు పెట్టారు. అక్కడితో ఆ కథ అయిపోయిందనుకున్నాం.

ఈ ఏడాది మార్చిలో ఆయన ఫోన్ నా చేతికొచ్చింది. అందులో అడుగులు లెక్కపెట్టే యాప్ ఉంది. ఊరికే వేలితో వెనక్కి జరుపుతూ జులై 20 దగ్గర ఆగాను. 24,112 అడుగులు. రాత్రి 10:40 తర్వాత తెల్లారే దాకా గీత నేలకి అతుక్కుపోయి ఉంది. కొండ చుట్టూ పూర్తిగా తిరగాలంటే 50 వేల అడుగులు పడాలి. అంటే సగంలోనే ఆగిపోయాడు.

అడిగితే కాసేపు పేపర్‌లోంచి తలెత్తలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఇసుకతోట దగ్గర మెట్టు మీద కూర్చుంటే మళ్లీ లేవలేకపోయాడట. మోకాలు మడత పడలేదట. ఆటో ఎక్కి గోపాలపట్నం వెళ్లిపోయి, సింహాచలం రైల్వే స్టేషన్‌లో బెంచీ మీద తెల్లవారే దాకా కూర్చున్నాడట. అర్ధరాత్రి ఇంటికొస్తే దొరికిపోతానని!

"మొక్కు రా అది. మీ అమ్మ రిపోర్టు వచ్చే ముందు మొక్కుకున్నాను" అన్నాడు.

అప్పుడు నా దగ్గర మాట లేదు. 2023 చివర్లో అమ్మకి ఆపరేషన్ అయింది. తీసిన ముక్క బయాప్సీకి పంపారు. రిపోర్టు రావడానికి పది రోజులు. ఆ పది రోజులూ ఇంట్లో ఎవరం టీవీ పెట్టలేదు. రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. నాకు అక్కడితో అయిపోయింది, నాన్నకి అవలేదన్నమాట.

"ఈ ఏడు వెళ్తాను. బాకీ ఉంచుకోకూడదు. మీ అమ్మకి చెప్పకు."

ఆయనకి 64. ముప్పై ఏళ్లకి పైగా స్టీల్‌ప్లాంట్‌లో కోక్ ఓవెన్స్ దగ్గర ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అంటూ ఇనుప ముక్కు ఉన్న సేఫ్టీ బూట్లేసుకుని నడిచిన మనిషి. వద్దు అంటే ఆగే రకం కాదు. పోనీ వెళ్లనిద్దామంటే, ఆ స్టేషన్ బెంచీ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. సరే, నా పద్ధతిలో నేను చూద్దాం అనుకున్నాను. మా ఆఫీసులో ప్రోగ్రాం క్రాష్ అయితే కోడ్‌ని తిట్టం. ఎక్కడ లోడ్ పడుతోందో చూస్తాం.

కాటా మీదకి ఎక్కిన సంచి

బయటి ఊళ్ల వాళ్ల కోసం రెండు ముక్కలు. సింహాచలం అప్పన్న ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. అక్షయ తృతీయ నాడు ఒక్కరోజు నిజరూప దర్శనం. ఆ రాత్రి నుంచి మళ్లీ చందనం పూయడం మొదలుపెడతారు. విడతకి 3 మణుగుల చొప్పున నాలుగు విడతలు. ఆఖరి విడత ఆషాఢ పౌర్ణమికి. దానికి ముందు రోజు లక్షల మంది కొండ చుట్టూ నడుస్తారు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడివివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా జోడుగుళ్లపాలెంలో సముద్రం దగ్గరికి దిగి, అప్పుఘర్, ఎంవీపీ, ఇసుకతోట, సీతమ్మధార, కైలాసపురం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం చుట్టి మళ్లీ తొలిపావంచాకి. వైజాగ్‌లో పుట్టినవాడికి ఇది సగం ఊరు. బైకు మీద గంటన్నర పని. వట్టికాళ్లతో ఒక రాత్రి.

ఆ దారిలో నడిచేవాళ్లని ఎప్పుడైనా గమనించారా? సగం మంది యాభై దాటినవాళ్లే. మనం 'ట్రెక్కింగ్' అనగానే హిమాలయాలు, రీల్స్, ఎర్ర జాకెట్లు అనుకుంటాం. మన పక్కింటి మామ్మగారు ఏటా ఒక్క రాత్రిలో 32 కిలోమీటర్లు కొడుతుంటే దాన్ని ఆ లెక్కలో వేయం.

ముందు రోజు సర్దుకున్నట్టే సంచి సర్దమని నాన్నకి చెప్పాను. ఒక్కో వస్తువూ అమ్మ వంటింటి కాటా మీద పెట్టి ఎక్సెల్‌లో ఎక్కించాను. సంచి అంటే రిటైర్మెంట్ ఫంక్షన్‌లో ఎవరో ఇచ్చిన రెగ్జిన్ బ్యాగు, ఒక భుజానికే తగిలించుకునేది. ఖాళీదే 1,150 గ్రాములు. నీళ్లు నింపిన స్టీలు సీసా 1,450. పులిహోరతో స్టీలు క్యారేజీ 1,300. గొడుగు 500. నాలుగు సెల్లుల టార్చిలైటు 420. టర్కీ తువ్వాలు 550. ప్యాంటు, చొక్కా, లుంగీ 950. "ఎక్కడైనా ఒరగాల్సొస్తే" అని దుప్పటి 600. మందులు, జెండూబామ్ సీసా, స్తోత్రాల పుస్తకం కలిపి 350.

మొత్తం 7 కిలోల 270 గ్రాములు. అదీ ఎడం భుజం మీద. పోయినేడాది పట్టేసింది ఎడమ మోకాలే.

"దీంట్లో తీసీడానికి ఏటుంది? అన్నీ పనికొచ్చేవే కదా" అన్నాడు. నిజమే, అన్నీ పనికొచ్చేవే. సమస్య అదే.

2005లో అమెరికాలో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ వాళ్లు మోకాళ్లు అరిగిన పెద్దవయసు వాళ్ల మీద చేసిన పరిశోధన ఒకటి బాగా పేరు పొందింది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల మేర తగ్గిందని తేల్చారు. అది ఒంటి బరువు లెక్క. సంచి బరువుకి అచ్చంగా అదే లెక్క వర్తించకపోవచ్చు. కానీ 50 వేల అడుగులు అంటే ఒక్కో మోకాలికి 25 వేల సార్లు. 5 కిలోలు దించితే ఎంతో కొంత కాదు, చాలానే కలిసొస్తుందని చెప్పడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

లైట్‌వెయిట్ హైకింగ్ అని వేల డాలర్లు పోసి టైటానియం చెంచాలు కొనేవాళ్ల వీడియోలు చాలా చూశాను. టూత్‌బ్రష్ పిడి కూడా సగానికి విరగ్గొట్టేస్తారు. వాటిల్లో తొంభై శాతం మనకి అక్కర్లేదు. కానీ ఒక్క సూత్రం మాత్రం బంగారం. దారిలో దొరికేది మోయకు, దొరకనిదే మోయి. అప్పలరాయలు, టైటానియం అయ్యగార్లు ఇద్దరికీ ఇదే మాట. గిరి ప్రదక్షిణ దారంతా వంద గజాలకి ఒకరు నీళ్లు, మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు పట్టుకుని నిలబడి బతిమాలి మరీ ఇస్తుంటారు. వీధిదీపాలు వెలుగుతుంటాయి. అక్కడికి క్యారేజీ, టార్చిలైటు, లీటరు నీళ్లు మోసుకెళ్లడమంటే పెళ్లి భోజనానికి టిఫిన్ బాక్సు పట్టుకెళ్లడమే.

రెండు భుజాలకి తగిలించుకునే పది లీటర్ల చిన్న బ్యాగు కొన్నాను, 170 గ్రాములు. అర లీటరు నీళ్లు సీసాతో 520. ఖర్జూరం, పల్లీ చిక్కీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు 250. పల్చటి రెయిన్‌కోటు 200. టర్కీ తువ్వాలు బదులు శ్రీకాకుళం పెద్దమ్మ ఇచ్చిన పొందూరు ఖద్దరు తుండు 110. తలకి కట్టుకునే చిన్న లైటు 80. లుంగీ, టీషర్టు 350. మందులు 90. మొత్తం 1,770 గ్రాములు. సరిగ్గా ఐదున్నర కిలోలు దిగింది.

దుప్పటి దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. స్తోత్రాల పుస్తకాన్ని ఫోన్‌లో పీడీఎఫ్ చేస్తానంటే ఆయన చూసిన చూపు ఇక్కడ రాయలేను. అది జేబులోకి వెళ్లింది. జేబు బరువు లెక్కలోకి రాదని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం.

అల్యూమినియం ట్రెక్కింగ్ పోల్ కూడా కొన్నాను. 250 గ్రాములు. ఆయన పెరట్లోంచి వెదురుకర్ర ఒకటి తెచ్చి కాటా మీద పెట్టాడు. 310. "60 గ్రాములకి పన్నెండొందలు పెట్టేవా?" అన్నాడు. పోల్ ఇప్పుడు నా దగ్గరుంది.

ఆ మామ్మ, ఈ నాన్న

ఒకరోజు ఎమ్మా గేట్‌వుడ్ గురించి చెప్పాను. అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ అని 3,300 కిలోమీటర్లకి పైగా ఉండే కొండదారి. 1955లో ఆవిడ దాన్ని ఒంటరిగా ఒకే విడతలో పూర్తిచేసింది. అలా చేసిన మొదటి మహిళ ఆవిడే. అప్పటికి వయసు 67. టెంట్ లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. చేత్తో కుట్టుకున్న గుడ్డ సంచి, ఒక దుప్పటి, రెయిన్‌కోటు, వానొస్తే కప్పుకోడానికి బాత్రూం ప్లాస్టిక్ తెర. కాళ్లకి మామూలు కాన్వాస్ బూట్లు. ఈ లైట్‌వెయిట్ వాళ్లంతా ఇప్పుడు ఆవిడని గురువు అంటారు.

"పిల్లలెంతమంది?" అన్నాడు నాన్న.

"పదకొండు మంది."

"అదీ! అందుకే వెళ్లిపోయుంటుంది" అని నవ్వాడు. మొగుడు కొట్టేవాడని, ఆ దెబ్బల నుంచి విడాకులు తీసుకుని బయటపడ్డాక నడిచిందని చెప్పాను. నవ్వు ఆపేశాడు. చాలాసేపటి తర్వాత, "దుప్పటి తీసుకెళ్లింది కదా ఆవిడ" అన్నాడు. దుప్పటి సంగతి మర్చిపోలేదు.

మన వైపు పాతకాలం ప్రయాణాలంటే నాకు గుర్తొచ్చేది ఏనుగుల వీరాస్వామయ్య. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినాయన. పల్లకీ, డేరాలు, సుమారు వందమంది పరివారం. ఆయన సంచిని ఏ కాటా మీద పెట్టాలో నాకు తెలీదు. నాన్న రెగ్జిన్ బ్యాగు ఆ వంశమే అనిపిస్తుంది.

సంచి సంగతి తేలింది. పాదాల సంగతి తేల్లేదు. బూటు బరువు గురించి సైన్యాలు ఎప్పుడో లెక్కలేశాయి. కాలికి కట్టిన బరువు వీపు మీద బరువు కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ శక్తి తింటుందట. కాబట్టి తేలికైన రన్నింగ్ షూ కొందామని నా ప్లాను. "అప్పన్న చుట్టూ జోళ్లతో తిరుగుతానా?" అని ఒక్క ముక్కలో తీసిపారేశాడు. ఆలోచిస్తే ఆయనదే అసలైన అల్ట్రాలైట్. సున్నా గ్రాములు.

కానీ ఆయనకి షుగర్ బోర్డర్‌లో ఉంది. ఇక్కడ మాత్రం నేను తగ్గలేదు. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ మెల్లగా పోతుంది. గాజుపెంకు దిగినా తెలీదు. తెలిసేసరికి పుండవుతుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ప్లాస్టిక్ దారం లాంటిది పాదం మీద అక్కడక్కడా గుచ్చి, కళ్లు మూసుకుని ఎక్కడ తగిలిందో చెప్పమన్నాడు. నాన్న అన్నీ సరిగ్గా చెప్పాడు. మోకాలి ఎక్స్‌రేలో అరుగుదల ఉంది గానీ నడక మానాల్సినంత లేదన్నాడు. తొడ కండరాలు గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని, రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమన్నాడు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇలాంటి నడకకి సిద్ధమవుతుంటే బూట్లు, బ్యాగులు కొనేముందు ఆ దారం పరీక్ష చేయించండి. ఐదు నిమిషాల పని.

చివరికి మందపాటి నూలు సాక్సుల దగ్గర రాజీ కుదిరింది. "సాక్సు జోడు కాదు కదా" అని ఆయనే తీర్పు చెప్పాడు. రెండు జతలు కొన్నాం. బ్యాగు బరువు 1,770 నుంచి ఇంకో 60 గ్రాములు పెరిగింది.

ఏప్రిల్ నుంచి నడక. మొదట ఉక్కునగరం చెట్ల నీడలో నాలుగు కిలోమీటర్లు. తర్వాత తెల్లవారుజామున బండ్లు ఆపేసే టైముకి ఆర్కే బీచ్ రోడ్డు మీద. వారానికి పది శాతం మించి దూరం పెంచలేదు. ఆదివారాలు బీచ్ రోడ్డు పట్టుకుని రుషికొండ వైపు. ఒకసారి తొట్లకొండ పైకి. ఆ బౌద్ధ శిథిలాల దగ్గర కూర్చుని సముద్రాన్ని చూస్తూ, "ఆ బిక్షువులకి ఒక గిన్నె, మూడు గుడ్డలు ఉండేవంట రా" అన్నాడు. ఎక్కడో చదివాడట. దుప్పటి ప్రస్తావన మళ్లీ రాలేదు.

అసలు విషయం నేను దాస్తున్నాను. ఆ మొదటి నెల మధ్యలో ఆగింది నేనే. 28 ఏళ్లు, రోజుకి పది గంటలు కుర్చీ. ఎనిమిదో కిలోమీటరు దగ్గర నా పిక్కలు పట్టేస్తే ఆయన లైట్‌హౌస్ లాగా ముందెక్కడో కర్ర ఎత్తి చూపిస్తూ నిలబడేవాడు.

జులై 9 రాత్రి

2025 జులై 9, బుధవారం. మర్నాడు సెలవు పెట్టాను. పోయినేడాది ఆయన చేసిన ఇంకో తప్పు మధ్యాహ్నం రెండింటికి బయల్దేరడం. తారురోడ్డు పెనంలా ఉండే టైము. ఈసారి సాయంత్రం ఐదు దాటాక కొబ్బరికాయ కొట్టాం. తొలిపావంచా దగ్గర చిప్పల పెంకులు కాళ్ల కింద కత్తుల్లా ఉంటాయి, అక్కడ మాత్రం చూసుకుని నడవాలి. ఆ తర్వాత జనమే మనల్ని నడిపిస్తారు.

ముడసర్లోవ దాకా హాయి. హనుమంతవాక దగ్గర మొదటిసారి కూర్చున్నాం. గంటకి ఐదు నిమిషాలు, కాళ్లు గోడకి ఎత్తిపెట్టి. అంతకు మించి కూర్చుంటే కండరాలు బిగుసుకుంటాయి. పోయినేడాది అరగంట కూర్చోవడమే కొంప ముంచిందని మా ఇద్దరి అనుమానం. జోడుగుళ్లపాలెంలో ఆయన సముద్రంలో మునిగి లుంగీ, సాక్సు మార్చుకున్నాడు. తడి సాక్సుతో నడిస్తే బొబ్బలు ఖాయం. బీపీ మాత్ర తొమ్మిదింటికి అలారం పెట్టి వేశాను.

ప్రతి స్టాలు దగ్గరా పులిహోర తినేస్తుంటే ఒకచోట గట్టిగా కసిరాను. వెనక నడుస్తున్న పెద్దావిడ, "ఓలి బాబూ, తిననీ నాన్నని, నడుస్తున్నాడు కదా" అంది. ఆవిడకి 70 ఉంటాయి. చేతిలో చిన్న ప్లాస్టిక్ కవరు. అందులో ఒక చీర, రెండు అరటిపళ్లు. అంతే. పన్నెండోసారి తిరుగుతోందట. నా ఎక్సెల్ షీటు ఆవిడకి చూపించాలనిపించలేదు.

ఇసుకతోట పదకొండు దాటాక వచ్చింది. నాన్న మాట్లాడటం ఆపేశాడు. ఒక షాపు ముందు మెట్టు దగ్గర ఆగాడు. అదే మెట్టు అని నాకు చెప్పక్కర్లేదు. కూర్చోలేదు. కర్ర ఆనించి ఓ నిమిషం దాన్ని చూసి, "పద" అన్నాడు.

సీతమ్మధార దాటాక నా పని అయిపోయింది. కుడి పాదం కింద బొబ్బ పగిలింది. కాగితం గ్లాసులు రోడ్డంతా పరుచుకుని జారుతున్నాయి. మాధవధార దగ్గర నేను ఇక కూర్చుండిపోతే ఆయన నా బ్యాగు కూడా తీసుకుని ముందు వైపు తగిలించుకున్నాడు. వద్దన్నా వినలేదు. "1,770 నాది, నీదెంత?" అన్నాడు. నాది రెండున్నర కిలోలు. పవర్‌బ్యాంకులు రెండు, కెమెరా, ఆఫీసు ఫోను. నా సంచిని మాత్రం నేను కాటా మీద పెట్టలేదు.

గోపాలపట్నంలో రైల్వే స్టేషన్ రోడ్డు మలుపు దగ్గర ఆయన అటు చూడలేదు. నేను చూశాను. నాలుగు దాటాక తొలిపావంచా చేరాం. ఆయన మెట్టుకి తల ఆనించి చాలాసేపు లేవలేదు. మోకాలు పట్టేసిందేమోనని వెళ్లి భుజం పట్టుకున్నాను. చెయ్యి విదిలించి తనే లేచాడు. ఫోన్ తీసి నాకిచ్చాడు. "ఎంత?"

51,386.

"స్క్రీన్‌షాట్ తీయ్" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ బకెట్ సిద్ధం చేసింది. ఈసారి రెండు బకెట్లు. నాన్న గొంతు సర్దుకుని, "ఓ మాట చెప్పాలే నీకు. పోయినేడు నేను..." అని మొదలుపెట్టాడు.

"ఇసుకతోట నుంచి గోపాలపట్నం, ఆటోకి మూడొందల యాభై" అంది అమ్మ, నీళ్లలో ఉప్పు వేస్తూ. "ఫోన్‌పేలో కట్టేవు కదా. బ్యాంకు మెసేజీలు నా ఫోన్‌కే వస్తాయి. కాళ్లు పెట్టు, నీళ్లు చల్లారిపోతున్నాయి."